తైనాన్ వీధుల్లో రెండు సైకిళ్ళు

ఉదయం ఆరున్నర గంటలు. తైవాన్ ద్వీపానికి నైరుతి తీరాన ఉన్న తైనాన్ నగరంలో అప్పటికే ఎండ చురుక్కుమంటున్నది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊరు అది. ఉక్కపోతలో కోస్తా ఆంధ్రకు ఏమాత్రం తీసిపోదు. సందు మొదట చేపల గంజి అమ్మే కొట్టు ముందు వృద్ధులు చిన్న పీటలమీద కూర్చుని, పొగలు గ్రక్కే గిన్నెలను తాపీగా ఖాళీ చేస్తున్నారు. అదే సందులో ఒక పాత భవనం నాలుగో అంతస్తున ఇద్దరు యువకులు నిద్ర లేచి, మంచాల పక్కనే మోకరించి ప్రార్థన ముగించారు.

రెండు మూడు గంటల పఠనం తరువాత వారు తెల్లచొక్కాలు తొడుక్కుని, టైలు బిగించి, నల్లని నామఫలకాలు జేబులకు తగిలించుకుని సైకిళ్ళెక్కుతారు. కోటికి పైగా స్కూటర్లు తిరిగే దేశంలో ఆ రెండు సైకిళ్ళూ ఇట్టే కంటబడతాయి. కొట్టు ముందున్న వృద్ధుడొకడు చేయి ఊపి, "జాంగ్‌లావ్!" అని పలకరిస్తాడు. 'పెద్దలు' అని ఆ మాటకు అర్థం. పలకరించినవాడికి ఎనభై ఏళ్ళుంటాయి. పలకరింపు అందుకున్నవాడికి ఇరవై నిండలేదు.

వారు మార్మన్ మతప్రచారకులు. తైవాన్ పట్టణాల్లో ఏ ఏడు చూసినా ఇటువంటి జంటలు కనిపిస్తూనే ఉంటాయి. ఒక జంట గడిపే వారానికీ మరొక జంట గడిపే వారానికీ భేదం స్వల్పం. అందుచేత ఈ ఇద్దరి పేర్లు ఏవైనా కావచ్చు.

పిలుపు

1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు ఒక క్రైస్తవ సంఘాన్ని స్థాపించాడు. బైబిలుతోపాటు 'మార్మన్ గ్రంథం' అనే మరొక గ్రంథాన్ని కూడా పవిత్రంగా భావించే ఆ సంఘీయులను లోకం మార్మన్లని పిలిచింది. వారు మాత్రం యేసు క్రీస్తు కడవరి దినాల పరిశుద్ధుల సంఘమనే పూర్తి పేరునే ఇష్టపడతారు. యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ వారి కేంద్రం.

ఈ సంఘంలో ప్రచారం పురోహితుల వృత్తి కాదు, యువకుల వంతు. చదువు మధ్యలో ఆపి, ఉద్యోగం వాయిదా వేసి, యువకులు రెండేళ్ళు, యువతులు ఏడాదిన్నర ఈ సేవకు అంకితమవుతారు. 2012 వరకు యువకులకు పంతొమ్మిదేళ్ళు, యువతులకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండవలసి ఉండేది. ఆ ఏడు ఆ వయస్సులను పద్ధెనిమిదికి, పంతొమ్మిదికి తగ్గించారు. ఏ దేశానికి పోవాలో కోరుకునే స్వేచ్ఛ వారికి లేదు. సంఘం పంపే పిలుపు విప్పి చదివినప్పుడే బ్రెజిలో, ఘనాయో, తైవానో తెలుస్తుంది. జీతం ఉండదు సరికదా, ఖర్చు కూడా కుటుంబమే భరించాలి. 2020 జూలై నుండి అమెరికన్ యువకునికి నెలకు 500 డాలర్ల చొప్పున చెల్లింపు నిర్ణయించారు. నేడు ప్రపంచమంతటా డెబ్బై వేలకు పైగా మార్మన్ ప్రచారకులు పనిచేస్తున్నారు.

తైనాన్‌కు వచ్చిన ఈ యువకుడు యూటాలో మంచు కొండల నీడన పుట్టినవాడు. ప్రోవో పట్టణంలోని శిక్షణ కేంద్రం తైవాన్‌లో మాట్లాడే చైనీయ భాషను కొన్ని వారాలపాటు నేర్పి అతణ్ణి విమానమెక్కించింది. ఆ భాషలో మాటకు అక్షరం ఎంత ముఖ్యమో స్వరం అంత ముఖ్యం. ఒకే 'మా' అనే శబ్దం స్వరాన్ని బట్టి తల్లి అవుతుంది, గుర్రం అవుతుంది, తిట్టడం కూడా అవుతుంది. 'ఒక మాట అడగవచ్చునా' అనవలసిన చోట స్వరం తప్పితే 'ఒక ముద్దు పెట్టవచ్చునా' అన్నట్లు ధ్వనిస్తుంది. కొత్తగా వచ్చిన ప్రచారకులందరూ ఏదో ఒకనాడు ఏ మార్కెట్టులోనో, ఏ బస్‌స్టాపులోనో ఆ ముద్దు అడిగినవారే. వినేవారు నోటికి చేయి అడ్డుపెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుతోనే చాలాసార్లు సంభాషణ మొదలవుతుంది.

అతని జీవితాన్ని బంధించే నియమాలు ఎన్నో. ఒంటరిగా ఎక్కడికీ పోరాదు. జంటలోని రెండవవాడు ఎల్లవేళలా కనుచూపు మేరలో ఉండాలి. ఆ తోడును తాను ఎన్నుకోడు, కేంద్రం నిర్ణయిస్తుంది. ప్రేమ వ్యవహారాలు నిషిద్ధం. రాత్రి పదిన్నరకల్లా దీపం ఆర్పాలి. సుమారు ఆరు వారాలకొకసారి బదిలీల జాబితా వస్తుంది. దానితో తోడు మారవచ్చు, ఊరు మారవచ్చు, రెండూ మారవచ్చు.

సోమవారం

వారమంతటికీ ఇరుసు వంటిది సోమవారం. ఆనాడు పగలు ప్రచారం ఉండదు. బట్టలు ఉతుక్కోవడం, ఇల్లు ఊడ్చుకోవడం, కూరగాయలు తెచ్చుకోవడం, సైకిలు గొలుసుకు నూనె వేయడం వంటి పనులకు ఆ రోజు కేటాయిస్తారు. మిగిలిన పొద్దులో ఊరు చూడవచ్చు. వేసవి అయితే తైనాన్ కొండవైపు ప్రాంతమైన యూజింగ్‌లో పండిన ఎర్రని మామిడిపళ్ళ ముక్కలను తురిమిన మంచుమీద కుప్పగా పోసి అమ్ముతారు. ఆ గిన్నె ముందు కూర్చున్నంతసేపూ 'పెద్దలు' ఇద్దరూ తమ వయస్సుకు తగిన కుర్రవాళ్ళవుతారు.

సాయంకాలం వీధిలో సంగీతం వినిపిస్తుంది. అది ఐస్‌క్రీం బండి కాదు, చెత్త లారీ. తైవాన్ చెత్త లారీలు బీథోవెన్ సృష్టించిన ఒక ప్రసిద్ధమైన పియానో బాణీనో, 'కన్య ప్రార్థన' అనే పాత పోలిష్ బాణీనో మ్రోగిస్తూ వస్తాయి. ఆ రాగం చెవిన పడగానే వీధివారంతా సంచులతో బయటకు వస్తారు. తలుపు తట్టితే తెరవని ఇరుగుపొరుగులతో ముఖాముఖి పరిచయమయ్యేది అక్కడే. ప్రచారానికి సెలవు దినమైనా, పలకరింపుకు సెలవు లేదు గదా!

అయితే సోమవారంలో అన్నిటికంటె విలువైనది ఉదయపు గంట. తైనాన్‌లో సోమవారం పొద్దున తొమ్మిది గంటలయ్యేసరికి యూటాలో ఇంకా ఆదివారం సాయంత్రమే. తల్లి ముఖం ఫోను తెరమీద కనిపించే సమయం అది. ఒకప్పుడు ఈ అవకాశం లేదు. ఉత్తరాలు, తరువాతి కాలంలో ఈమెయిళ్ళు వారానికొకటి వెళ్ళేవి. గొంతు వినిపించేది మాత్రం ఏడాదికి రెండుసార్లు, క్రిస్మసునాడూ మాతృదినంనాడూ. 2019 ఫిబ్రవరిలో సంఘం ఆ కట్టుబాటు సడలించి, వారం వారం కుటుంబంతో మాట్లాడడానికి అనుమతించింది.

అతడు తల్లితో మామిడిపళ్ళ సంగతి చెబుతాడు, చెత్త లారీ సంగీతం సంగతి చెబుతాడు. ఆ వారం ఎన్ని తలుపులు మూసుకుపోయాయో చెప్పడు. ఆమె అడగదు. గడువు తీరకముందే తిరిగివచ్చిన యువకుణ్ణి ఆ ఊళ్ళలో నలుగురూ ఎలా చూస్తారో ఇద్దరికీ తెలుసు. ఆ గంటసేపూ ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు. ఫోను పెట్టేసిన తరువాత అతడు కొంచెంసేపు బట్టల బకెట్టు ముందు ఊరకే కూర్చుంటాడు.

నాలుగు వందల ఏళ్ళ తలుపులు

మంగళవారం మళ్ళీ సైకిళ్ళు. సంతలు, ఉద్యానవనాలు, విశ్వవిద్యాలయం గేటు, కూడళ్ళలో ఎర్రదీపం ముందు ఆగిన స్కూటర్లు అన్నీ వారి కార్యక్షేత్రాలే. ఎర్రదీపం వెలిగినంతసేపే సంభాషణ. పచ్చదీపం వెలగగానే శ్రోత మాయమవుతాడు. బుధవారం సాయంత్రం ప్రార్థనా మందిరంలో ఉచితంగా ఇంగ్లీషు తరగతి నడుపుతారు. దానికి విద్యార్థులు, గృహిణులు, పింఛనుదారులు వస్తారు. వారిలో మతం కోసం వచ్చేవారు కొందరే. భాష కోసం వచ్చేవారే అధికం. శుక్రవారం ఇద్దరూ బల్లముందు కూర్చుని, ఎవరిని కలిశారు, ఎవరు మళ్ళీ రమ్మన్నారు, ఎవరు ఫోను ఎత్తడం మానేశారు అని లెక్క చూసుకుంటారు. ఆదివారం ఆరాధనలో రొట్టెముక్క, నీళ్ళు ప్రసాదంగా పంచుతారు, ద్రాక్షసారా వాడరు. ఆ వారం రమ్మని పిలిచినవారి కోసం వెనుక వరుసలో ఖాళీ కుర్చీలు ఎదురుచూస్తుంటాయి.

ఆ కుర్చీలు ఖాళీగా మిగిలిపోవడం తైనాన్‌కు కొత్త కాదు. విదేశీ బోధకులను చూడడంలో ఆ ఊరికి దాదాపు నాలుగు వందల ఏళ్ళ అనుభవం ఉన్నది.

1624లో డచ్చి వర్తకులు ఇక్కడ దిగి, సముద్రపుటొడ్డున జీలాండియా కోట కట్టారు. దాని శిథిలాలు ఆన్‌పింగ్ పేటలో నేటికీ ఉన్నాయి. 1627లో కాండిడియస్ అనే బోధకుడు, ఆ తరువాత యూనియస్ వచ్చి, సమీప గ్రామాల్లోని సిరాయా తెగల మధ్య పనిచేశారు. లిపి లేని సిరాయా భాషకు రోమన్ అక్షరాలతో వ్రాత నేర్పారు. 1662లో జెంగ్ చెంగ్‌గాంగ్ అనే చైనీయ సేనాని డచ్చివారిని వెళ్ళగొట్టాడు. కోటతోపాటు వారి మతమూ పోయింది. కాని ఆ అక్షరాలు పోలేదు. బోధకులు వెళ్ళిపోయిన తరువాత నూటయాభై ఏళ్ళు, అంటే 19వ శతాబ్ది ఆరంభం దాకా, సిరాయా రైతులు తమ భూముల క్రయపత్రాలను ఆ లిపిలోనే వ్రాసుకున్నారు. బోధకుడు ఇవ్వదలచినది వేరు. ప్రజలు పుచ్చుకున్నది వేరు.

1865లో బ్రిటన్ ప్రెస్బిటీరియన్ సంఘం తరఫున డాక్టర్ మాక్స్‌వెల్ తైనాన్ చేరి, పడమటి ద్వారం దగ్గర వైద్యశాల తెరిచాడు. వదంతులు పుట్టాయి, జనం మూగారు, కొద్ది వారాల్లోనే ఆయన ఊరు విడిచి, దక్షిణాన ఉన్న రేవుకు తరలిపోవలసి వచ్చింది. మూడేళ్ళ తరువాత మళ్ళీ వచ్చాడు. ఆయన ప్రారంభించిన వైద్యశాల పరంపర నేటికీ ఆ నగరంలో కొనసాగుతున్నది. ఆ సంఘానికే చెందిన థామస్ బార్క్లే 1885లో తైనాన్ నుండి స్థానిక భాషలో ఒక పత్రిక వెలువరించాడు. తైవాన్‌లో అచ్చయిన మొదటి వార్తాపత్రిక అదే.

మార్మన్లు ఈ వరుసలో కడపటివారు. 1956 జూన్‌లో నలుగురు యువకులు తైపే నగరంలో దిగడంతో తైవాన్‌లో వారి చరిత్ర మొదలయింది. వారి గ్రంథం చైనీయ భాషలో 1965లో వెలువడింది. 1984లో తైపేలో వారి దేవాలయం వెలసింది. దాదాపు రెండు కోట్ల ముప్పై లక్షల జనాభాగల తైవాన్‌లో నేడు తమ సభ్యులు అరవై వేలకు పైబడ్డారని సంఘం చెబుతుంది. మొత్తంమీద అది పిడికెడు. ఒక్క ప్రచారకుని వారానికి ఆ పిడికెడులో వంతు తీస్తే ఒక్కొక్కప్పుడు ఏమీ మిగలదు.

వద్దన్న తేనీరు

తైనాన్‌వారు తలుపును ముఖంమీద వేయరు. "బూ హావ్ ఈ స" అంటారు. 'మొహమాటంగా ఉన్నది, మన్నించండి' అని దాని భావం. లేదా 'మరొకసారి చూద్దాం' అంటారు. మొదటి నెలల్లో యూటా యువకుడు ఆ 'మరొకసారి'ని నిజమని నమ్మి, వారం తిరగ్గానే అదే తలుపు తట్టేవాడు. ఆ మాటలో 'వద్దు' అనే అర్థం పొంచి ఉన్నదని గ్రహించడానికి అతనికి ఆరు నెలలు పట్టింది. ఏ నిఘంటువులోనూ లేని ఆ అర్థాన్ని మూసుకున్న తలుపులే నేర్పాయి.

ఇక్కడే ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. ఇతరులు తనకు 'వద్దు' అని చెప్పడమే కాదు, తానూ వారికి ప్రతిదినం 'వద్దు' అని చెప్పవలసిన స్థితి అతనిది. 1833లో జోసెఫ్ స్మిత్ ఉపదేశించిన ఆరోగ్య నియమం ప్రకారం మార్మన్లు మద్యం, పొగాకు, కాఫీ, తేనీరు ముట్టరు. తైవాన్‌లోనేమో తేనీరు పానీయం మాత్రమే కాదు, అది మర్యాద. గడప దాటి లోపలికి వచ్చిన అతిథి ముందు, అతడెవరో అడగకముందే, ఇంటి పెద్ద చిన్న మట్టి కూజాలో వేడినీళ్ళు పోసి, ఆలీషాన్ కొండల ఆకు వేసి, బొటనవ్రేలంత కప్పుల్లోకి వంచుతాడు. ఆ కప్పు ముట్టకపోవడమంటే ఆ చేతిని త్రోసివేసినట్లే. పది తలుపులు మూసుకున్న తరువాత ఒక తలుపు తెరుచుకున్నప్పుడు, ఆ ఇంటివారు ప్రేమతో ఇచ్చిన మొదటి వస్తువునే ఈ యువకుడు కాదనాలి.

తన మాట వినండని కోరడానికి వచ్చినవాడు, మీ తేనీరు వద్దని చెప్పి సంభాషణ మొదలుపెట్టడం! ఏ తర్కశాస్త్రం ప్రకారం చూసినా ఇది ప్రచారానికి శుభారంభం కాదు. కాని ఆ నియమమే అతనికి ఒక విద్య నేర్పింది. ఎదుటివారి మనస్సు నొప్పించకుండా కాదనడం ఎంత కష్టమో అతనికి అనుభవమయింది. కప్పును రెండు చేతులతో అందుకుని, తల వంచి, కారణం చెప్పి, మంచినీళ్ళు అడగడం అలవాటు చేసుకున్నాడు. తాను పడే ఆ ఇబ్బందిని చూసిన తరువాత, వీధిలో ఎదురైనవారు 'మరొకసారి' అన్నప్పుడు వారి కళ్ళలోనూ అదే ఇబ్బంది కనిపించసాగింది. వారూ తనలాగే ఏదో ఒక విశ్వాసాన్ని కాపాడుకుంటున్నారు. తనలాగే మర్యాద చెడకుండా కాపాడుకుంటున్నారు.

ధూపం ఎవరు వెలిగిస్తారు?

ఇంగ్లీషు తరగతికి వచ్చే ఒక వృద్ధురాలి ఇంటికి గురువారం మధ్యాహ్నం వారిద్దరూ వెళుతుంటారు. ఆమెను 'ఆమా' అని పిలుస్తారు. అక్కడి మాటలో 'మామ్మా' అన్నట్లు. విదేశంలో పుట్టి పెరిగిన మనుమలతో ఫోనులో నాలుగు మాటలు మాట్లాడాలని ఆమె ఇంగ్లీషు నేర్చుకుంటున్నది. ముందుగదిలో ఎత్తయిన బల్లమీద పూర్వుల పేర్లు చెక్కిన ఫలకం ఉన్నది. ప్రతి ఉదయం ఆమె దాని ముందు అగరువత్తి వెలిగిస్తుంది. ఏప్రిల్ ఆరంభంలో వచ్చే ఛింగ్‌మింగ్ పండుగనాడు కుటుంబమంతా సమాధులు శుభ్రం చేస్తుంది. చాంద్రమానం ప్రకారం ఏడవ నెలలో, దిక్కులేని ప్రేతాత్మలకు కూడా వీధిలో బల్లలు వేసి భోజనం పెడతారు. పితృదేవతలకు పిండం పెట్టే దేశంలో పుట్టినవారికి ఈ భావం వివరించనక్కరలేదు.

ఆమె మార్మన్ల మాటలు శ్రద్ధగా విన్నది. చివరకు ఒకే ప్రశ్న వేసింది. "నేను మీలో కలిస్తే ఈయనకు ధూపం ఎవరు వెలిగిస్తారు?" ఈయన అంటే ఆమె పోగొట్టుకున్న భర్త.

తైవాన్‌లో క్రైస్తవ సంఘాలన్నింటికీ ఎదురయ్యే ప్రశ్న అది. మతం మార్చుకోవడం అక్కడ ఒక వ్యక్తి నిర్ణయం కాదు; చనిపోయినవారినీ, పుట్టబోయేవారినీ కలిపి కట్టిన దారాన్ని తెంపడం. మార్మన్ల వద్ద దీనికి తమదైన సమాధానం ఒకటి లేకపోలేదు. పూర్వుల జాబితాలు సేకరించడం వారి మతధర్మంలో భాగం. సాల్ట్ లేక్ సిటీలో 1894లోనే వంశచరిత్రల సంస్థ ఒకటి వెలసింది. చైనీయ వంశావళి గ్రంథాలు కూడా అక్కడి మైక్రోఫిల్ములకెక్కాయి. గతించిన పూర్వుల తరఫున బ్రతికి ఉన్నవారు దేవాలయంలో బాప్తిస్మం పొందవచ్చునని వారి నమ్మకం. ఆ బాప్తిస్మాన్ని స్వీకరించాలో, నిరాకరించాలో చనిపోయినవారి ఇష్టానికే వదిలివేస్తారు.

యువకుడు ఇదంతా తడబడుతూ చెప్పాడు. ఆమా చాలాసేపు ఆలోచించి, "ఆయన బ్రతికి ఉన్నప్పుడే ఎవరి మాటా వినలేదు" అని నవ్వింది. తరువాత లేచి ఫలకం ముందు బూడిద దులిపింది. సమాధానం ఆమెకు చాలలేదని అతడు గ్రహించాడు.

బంధుత్వం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. 1978 డిసెంబరులో సమోవా దీవుల్లో నివసిస్తున్న ఒక తెలుగు కుటుంబం ఇదే సంఘం తరఫున హైదరాబాదు వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ కుటుంబపు బంధువుల్లో ఇరవై ఇద్దరు బాప్తిస్మం పొందారు. 2012లో భారతదేశంలో ఈ సంఘపు మొదటి మండలం హైదరాబాదులోనే ఏర్పడింది. అక్కడ బంధుత్వం వారధి అయింది. తైనాన్‌లో ఆమా ఇంట అదే బంధుత్వం గోడ అయి నిలిచింది. యూటా యువకునికి ఆ గోడను తప్పుపట్టాలని అనిపించలేదు. వేలమైళ్ళ దూరంలో ఉన్న తన తల్లి ఆదివారం సాయంత్రాలు ఫోను ముందు ఎందుకు కూర్చుంటుందో ఆలోచిస్తే, ఆ గోడ దేనితో కట్టిందో అతనికి తెలియకుండా ఉండదు.

బదిలీ

ఆరు వారాలు తిరిగాయి. శనివారం వచ్చిన జాబితాలో అతని పేరు ఉన్నది. తూర్పు తీరంలోని మరొక ఊరు, మరొక తోడు. సామాను రెండు పెట్టెల్లో పట్టింది. వీడ్కోలు చెప్పడానికి ఇద్దరూ ఆమా ఇంటికి వెళ్ళారు.

ఆమె మట్టి కూజా తీయలేదు. ఫ్రిజ్ తెరిచి, రెండు గాజు గ్లాసుల్లో చల్లని గోధుమరంగు పానీయం పోసి బల్లమీద పెట్టింది. బూడిద గుమ్మడికాయను బెల్లపు చక్కెరతో గంటల తరబడి ఉడికించి చేసే పానీయం అది. తైనాన్ దానికి పేరుపడ్డ ఊరు. స్థానికులు దానిని గుమ్మడి తేనీరు అంటారు. కాని అందులో తేయాకు మచ్చుకైనా ఉండదు.

"పేరుకే తేనీరు. తాగవచ్చు. అంగడివాణ్ణి రెండుసార్లు అడిగాను" అన్నది ఆమా.

అతడు రెండు చేతులతో గ్లాసు అందుకుని చివరి చుక్కదాకా త్రాగాడు. ఆమె అతని మతం పుచ్చుకోలేదు. అతడు ఆమె తేనీరు పుచ్చుకోలేదు. శుక్రవారం నాటి లెక్కల కాగితంలో ఈ మధ్యాహ్నాన్ని వ్రాయడానికి గడి ఏదీ లేదు.

మరునాటి వారం ఆ సందులో మళ్ళీ రెండు సైకిళ్ళు కనిపించాయి. ఒకదానిమీద పాత ముఖం, రెండవదానిమీద ఎండకు అప్పుడే కందిన కొత్త ముఖం. గంజి కొట్టు ముందు వృద్ధుడు గిన్నె దించి, చేయి ఊపాడు.

"జాంగ్‌లావ్!"